రెండు సర్వర్లు, ఒక డిస్క్, బోలెడు ధైర్యం

క్లస్టర్ కట్టడం ఈ మధ్య మహా తేలికైపోయింది. రెండు సర్వర్లు, వెనక ఒక శాన్ డిస్క్, ముందు ఒక పీపీటీ. రెండింటికీ ఒకే డిస్క్ కనబడితే చాలు, ఒకటి పడిపోయినా రెండోది నడిపేస్తుంది, మీరు హాయిగా నిద్రపోండి అంటారు కన్సల్టెంటు గారు.

ఆ డిస్క్ మీద ఈఎక్స్‌టీ4 వేసి రెండు వైపులా మౌంట్ చేసే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. పాపం, డిస్క్ అంతా తనొక్కదానిదేనన్న నమ్మకంతో పుట్టిన ఫైల్ సిస్టమ్ అది. ఏ బ్లాకు ఖాళీగా ఉందో, ఏది నిండిందో ప్రతి సర్వరూ తన మెమరీలో లెక్క పెట్టుకుంటుంది. పక్కది ఏం రాసిందో దానికి పట్టదు. ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినట్టు, రెండూ అదే బ్లాకును తమదనుకుని రాసేస్తాయి. ప్లాటు గొడవకైతే కోర్టుంది. ఇక్కడున్నది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే ఒక్కటే. అది ఎవరి డేటా అసలైనదో తేల్చదు. ఇలాంటి ఉత్సాహవంతుల కోసమే ఈఎక్స్‌టీ4లో ఎంఎంపీ అనే కాపలా ఉంది. ఆన్ చేస్తే రెండో మౌంటు సాగనివ్వదు. అందుకే దాని జోలికి ఎవరూ పోరు.

కాస్త చదువుకున్నవారు జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 అనే క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు వాడతారు. రెండూ 2006లోనే లైనక్స్ కెర్నెల్‌లో చేరాయి. ఇక్కడ రాయాలంటే ముందు లాక్ తీసుకోవాలి. ఆ లాకుల లెక్కను సర్వర్లన్నీ కలిసి చూసుకుంటాయి. బాగానే ఉంది. కానీ లాక్ పట్టుకున్న సర్వర్ ఉన్నట్టుండి పలకడం మానేస్తే? చచ్చిందా, కాసేపు బిగుసుకుందా అన్నది బయటినుంచి చెప్పలేం. అందుకే ఫెన్సింగ్: దాని కరెంటు తీసెయ్, లేదా డిస్క్‌కు దారి మూసెయ్. ఆ తర్వాతే దాని జర్నల్‌ను సరిచేసి, లాకులు మిగతావాళ్లకు ఇస్తారు. అప్పటిదాకా అందరూ ఆగాల్సిందే.

మనవాళ్లకు ఆగడమే గిట్టదు. ఫెన్సింగ్ లేకుండా ఏదీ మొదలుపెట్టనని క్లస్టర్‌ను నడిపే పేస్‌మేకర్ మొండికేస్తే, స్టోనిత్ (ఫెన్సింగ్‌కు అది పెట్టుకున్న పేరు) ఎనేబుల్డ్ ఫాల్స్ అని ఒక్క లైను కొడతారు. ఎర్రర్ మాయం, ప్రాజెక్టు పూర్తి! అదేమిటయ్యా అంటే, ‘ఫెన్సింగ్ ప్రమాదమండీ, ప్రొడక్షన్ సర్వర్‌ను ఆపేస్తుంది’ అని సమాధానం. ఆపడమే కదా దాని ఉద్యోగం!

ఫెన్సింగ్ పెట్టినవారిలోనూ ఘనులున్నారు. అర్ధరాత్రి క్లస్టర్ బిగుసుకుపోతే, పడ్డ సర్వర్‌ను చూడకుండానే, ఇంట్లో మంచం మీదనుంచి ‘పీసీఎస్ స్టోనిత్ కన్ఫర్మ్’ కొడతారు. అంటే ఆ సర్వర్ ఆగిపోయిందని క్లస్టర్‌కు హామీ ఇవ్వడం. క్లస్టర్ అమాయకంగా నమ్ముతుంది. పది నిమిషాలకు ఆ సర్వర్ మేలుకుని, తన దగ్గర మిగిలిన పాత రాతలన్నీ తీరిగ్గా డిస్క్ మీదికి దించుతుంది.

ఫెన్సింగ్ లేని క్లస్టర్‌కు రెడ్‌హ్యాట్ సపోర్టు ఇవ్వదు. ఆ సంగతి పీపీటీలో ఉండదు. కాబట్టి ఈసారి కన్సల్టెంటు గారు వస్తే కాఫీ ఇచ్చి, మీ ఎదుటే ఒక సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకమనండి. వెనకాడితే బిల్లు ఆపేయండి.