ల్యాప్‌టాప్‌లన్నీ వాడరేవులో దించండి

బయటి దేశాల నుంచి ల్యాప్‌టాప్‌లు తేవాలంటే లైసెన్సు ఉండాల్సిందే, అదీ ఈ క్షణం నుంచే అని 2023 ఆగస్టులో ఓ గురువారం నాడు కేంద్రం ఉత్తర్వు. అబ్బే, ఇప్పుడే కాదు, అక్టోబరు 31 దాకా మామూలుగానే తెచ్చుకోండి అని శుక్రవారం రాత్రి ఇంకో ఉత్తర్వు. ఈ సందడిలోనే అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ గారు ఇది లైసెన్సు రాజ్యం కానే కాదనీ, నమ్మదగిన యంత్రాలు మాత్రమే దేశంలోకి రావాలన్నది తమ ఉద్దేశమనీ సెలవిచ్చారు. లైసెన్సు ఉంటుంది. రాజ్యం ఎలాగూ ఉంది. రెండూ కలిపి పలకకూడదు, అంతే.

సరే, పలకం. ఏలినవారి ఇబ్బంది కూడా మాకు తెలుసు. కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం ఎత్తేస్తామని 1997లోనే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికి తలూపి వచ్చాం. కాబట్టి సుంకం వేసి ఆపే దారి లేదు. నిషేధం అని బోర్డు పెడితే నలుగురూ నవ్వుతారు. అందుకని రేవు తెరిచినట్టే ఉండాలి, సరుకు మాత్రం దిగకూడదు. ఇదీ సమస్య.

దీనికోసం ఢిల్లీలో కొత్త పోర్టల్, కొత్త విభాగం, కొత్త సంతకాలు ఎందుకు దండగ? సరిగ్గా ఇలాంటి రేవు ఒకటి, ఏళ్ల తరబడి అనుభవంతో, బాపట్ల జిల్లాలో సిద్ధంగా ఉంది. మా వాడరేవు.

నా మనవి చిన్నది. ఇకమీదట ల్యాప్‌టాప్, ట్యాబ్, ఆల్ ఇన్ వన్ కంప్యూటర్, సర్వర్, ఇలా ఆ నోటిఫికేషన్‌లో రాసిన జాబితా మొత్తం, వాడరేవు ద్వారా మాత్రమే దిగుమతి కావాలని ఒక్క వాక్యం రాయండి. ఢిల్లీ లైసెన్సు అక్కర్లేదు. ఢిల్లీ తనిఖీ అక్కర్లేదు. ఎంత కావాలంటే అంత తెచ్చుకోమనండి. ఒక్క పెట్టె ఒడ్డెక్కితే నన్నడగండి.

మా రేవు అర్హతలు వినండి. 2008లో రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. వాడరేవు, నిజాంపట్నం కలిపి వాన్‌పిక్ అన్నారు. పోర్టులన్నారు, పారిశ్రామిక కారిడార్ అన్నారు. చీరాల నుంచి మా ఊరికొచ్చే ఆరేడు కిలోమీటర్ల దారిలో సెంటు భూమి ఉన్నవాడు కూడా ఆ రోజుల్లో దుబాయి షేకులా నడిచాడు. రెండు జిల్లాల తీరంలో వేల ఎకరాలు చేతులు మారాయి. తర్వాత సీబీఐ వచ్చింది. ఈడీ వచ్చింది. లాయర్లు వచ్చారు. ఓడ ఒక్కటే రాలేదు. దేశంలో ఇంత కట్టుదిట్టంగా దిగుమతులు ఆపిన రేవు ఇంకోటి చూపించండి.

రవాణా వసతులకు కూడా లోటు లేదు. పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా మా సముద్రం దాకా 167ఏ అని ఒక జాతీయ రహదారికి నంబరు పడింది. దిగని సరుకు దేశమంతా పంపాలంటే ఆమాత్రం రోడ్డు ఉండాలి కదా. చీరాలలో విజయవాడ–చెన్నై మెయిన్ లైను. కొరిశపాడు దగ్గర హైవే మీదే వాయుసేన విమానాలు దిగడానికి రన్‌వే. 2022 డిసెంబరులో ట్రయల్ కూడా వేశారు. రోడ్డు మీద విమానం దిగే ప్రాంతంలో రేవులో ఓడ దిగదు. ఇంతటి అనుభవం మాకు తప్ప ఎవరికుంది? భద్రత అంటారా, పక్కనే సూర్యలంకలో వాయుసేన స్థావరం. లైట్‌హౌస్ కూడా ఉందండి. ఇన్నేళ్లుగా రాత్రంతా వెలుగుతూనే ఉంది. ఇక్కడ ఆగకండర్రా, ముందుకు పోండి అని ఓడలకు చెబుతోందని మా అనుమానం.

అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఈ సదుపాయాన్ని ఇప్పటికే ఒకసారి వాడుకుందని కూడా నా నమ్మకం. 2021 జనవరి 11న నెల్లూరులో రెండో విడత అమ్మఒడి పథకం డబ్బు విడుదల చేస్తూ అప్పటి ముఖ్యమంత్రి గారు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు వచ్చే ఏడాది నుంచి కావాలంటే డబ్బు బదులు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చని ప్రకటించారు. తల్లులు ఇష్టం రాసిచ్చారు. పిల్లలు బల్ల మీద జాగా చేసి పెట్టుకున్నారు. తర్వాతి విడతలో డబ్బు వచ్చింది, ల్యాప్‌టాప్ రాలేదు. ఎక్కడికి పోతాయి? వాడరేవు మీదుగా బయల్దేరి ఉంటాయి.

ఇక కొత్త రేవు పని తీరు. జెట్టీ ఉండదు, కాబట్టి ఖర్చు లేదు. ఇసుక మీద షామియానా, దాని కింద మూడు బల్లలు. మొదటి బల్ల దగ్గర జాతీయ నమ్మకాల డైరెక్టర్ కూర్చుంటారు. వచ్చిన ల్యాప్‌టాప్ మూత తెరిచి, దాని ముఖంలోకి తేరిపార చూసి, నమ్మదగినదో కాదో ఆయన తేల్చాలి. రెండో బల్ల దగ్గర మినహాయింపుల అధికారి. ఆయనకు పని ఎక్కువ. కొరియర్‌లో ఒకటి తెప్పించుకుంటే లైసెన్సు వద్దన్నారు, విమానంలో సంచిలో తెచ్చుకునే దానికీ వద్దన్నారు, పరిశోధనల కోసమైతే ఒక విడతకు 20 దాకా పరవాలేదన్నారు. అంటే డల్లాస్‌లో అన్నయ్య ఉన్న ఇంటికి ఏ ఇబ్బందీ లేదు. చీరాల పేరాలలో మగ్గం ముందు అన్నయ్య ఉన్న ఇంటికే లైసెన్సు సెగ.

మూడో బల్ల విద్యార్థులది. కాలేజీకి ల్యాప్‌టాప్ కావాలన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని అక్కడ ఇంటర్వ్యూకి నిలబడాలి. మొన్న నాకు కలలో ఆ ఇంటర్వ్యూ ఒకటి వినపడింది.

"ఏ కోర్సు బాబూ?"

"సీఎస్‌ఈ అండి."

"ఎంత ర్యామ్ కావాలి?"

"తక్కువలో తక్కువ 8 జీబీ ఉండాలండి. తర్వాత ఇంకోటి వేసుకోడానికి ఖాళీ స్లాటు ఉంటే మరీ మంచిది. 512 ఎస్‌ఎస్‌డీ."

"4 జీబీ చాలదా? మా ఆఫీసులన్నీ దాంతోనే నడుస్తున్నాయే."

"అందుకే అలా నడుస్తున్నాయండి. విండోస్ లేచేసరికే అందులో సగం పోతుంది. ఇంక బ్రౌజరు, ఆన్‌లైన్ క్లాసు, ప్రోగ్రామ్ రాసుకునే సాఫ్ట్‌వేరు ఎక్కడ పెట్టమంటారు?"

"గ్రాఫిక్స్ కార్డు కూడా అడుగుతావా ఏంటి?"

"వద్దండి. అది ఆటలకి, వీడియోలు కట్ చేసేవాళ్లకి, డిజైన్ బొమ్మలు గీసే మెకానికల్, సివిల్ వాళ్లకి. నాకు దండగ. డబ్బూ ఎక్కువ, బరువూ ఎక్కువ. బాపట్ల దాకా రోజూ రైల్లో భుజాన మోసుకెళ్లాలి. కిలోన్నర దాటకపోతే బాగుంటుందండి."

"ఇంకా?"

"బ్యాటరీ ఆరేడు గంటలు రావాలండి. క్లాసులో ప్లగ్గు ముందు బెంచీకే అందుతుంది. ప్రాసెసరు ఐ5 గానీ రైజెన్ 5 గానీ అయితే నాలుగేళ్లు ఈడుస్తుంది. మా చెల్లి బీకామ్, దానికి ఐ3 చాలు. పాడైతే చూసే సర్వీసు సెంటరు గుంటూరులో ఉండాలి. హైదరాబాద్ పంపాలంటే నెల పడుతుంది."

"కంపెనీ ఏదైనా పరవాలేదా?"

"లోపల సరుకు ఒకటే అయితే మూత మీద బొమ్మ ఏదైతే ఏముందండి."

నమ్మకాల డైరెక్టర్ మొదటి బల్ల నుంచి లేచి వచ్చి కుర్రాణ్ణి ఎగాదిగా చూశారట. ల్యాప్‌టాప్ గురించి ఇంత తెలిసినవాడిని దేశంలోకి ఎవరు రానిచ్చారని ఫైలులో రాసుకున్నారట. చివరికి కుర్రాణ్ణి నమ్మదగినవాడిగా గుర్తించి, ల్యాప్‌టాప్‌ను పెండింగులో పెట్టారు. లైసెన్సు చేతికొచ్చేనాటికి వాడు బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరి, కంపెనీవాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ వాడుకుంటూ ఉంటాడు. సమస్య దానంతటదే తీరిపోయింది. పరిపాలన అంటే ఇదీ.

ఆ ఇంటర్వ్యూలో ఎవరూ వేయని ప్రశ్న ఒకటుంది. నోటిఫికేషన్‌లోనూ లేదు, మంత్రి గారి వివరణలోనూ లేదు. "మీ నాన్న చేతిలో ఇప్పుడు ఎంతుంది?"

ఆ ఉత్తర్వు వచ్చింది ఆగస్టు నెలలో. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ నడుస్తున్న రోజులు. ఫీజు, హాస్టలు, బట్టలు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అన్నీ ఆ రెండు నెలల్లోనే మీద పడతాయి. పర్చూరు, చిలకలూరిపేట నల్లరేగళ్లలో అది మిరప నారు నాటే కాలం. విత్తనానికి, దుక్కికి, ఎరువుకి, కౌలుకి ఉన్నదంతా ఊడ్చిపెట్టి, అప్పు కూడా తెచ్చి చేలో పోసి కూర్చునే కాలం. పత్తి మొదటి తీత చేతికి రావాలంటే దీపావళి రావాలి. మిరపకాయ గుంటూరు యార్డుకి ఎక్కాలంటే సంక్రాంతి దాటాలి. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో మొదటి సెమిస్టరంతా ఫోను మీదే గడుస్తుంది. పంట డబ్బు వచ్చాకే ల్యాప్‌టాప్. ఆ ఇళ్లకు మీరిచ్చిన గడువు అక్టోబరు 31. ఎవరి పంచాంగం చూసి పెట్టారు ఈ తేదీ? గడువు లోపల కొనడానికి రైతు దగ్గర డబ్బుండదు. డబ్బు వచ్చేనాటికి ధర ఎంతుంటుందో, సరుకు ఉంటుందో లేదో మీకే తెలియదు. గురువారం నాటి మాట శుక్రవారం దాకా నిలవనివాళ్లకు జనవరి సంగతి ఏం తెలుస్తుంది?

ఇదే వాడరేవులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు సముద్రంలోకి పోవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు వేట నిషేధం. మా మత్స్యకారులు దాన్ని పాటిస్తారు. ఎందుకంటే ఏ రోజు మొదలవుతుందో, ఏ రోజు ముగుస్తుందో, ఎందుకో వాళ్లకు ముందే తెలుసు. వలలు బాగుచేసుకుంటారు, ఇంజను విప్పుకుంటారు, ఇంట్లో బియ్యం చూసుకుంటారు. చేప పిల్ల కోసం ఇంత పద్ధతిగా ఉండగలిగిన ప్రభుత్వాలు, చదువుకునే పిల్ల దగ్గరికొచ్చేసరికి పొద్దున చెప్పి పొద్దున్నే మూస్తాయా?

ఈ ఒడ్డునే దక్షిణంగా పోతే మోటుపల్లి. ఇప్పుడు చిన్న పల్లె, ఒకప్పుడు పెద్ద రేవు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు లాగేసుకునేవారు. ఇక అలా జరగదు, పరదేశి వర్తకులారా భయం లేకుండా రండి, ఇంతే సుంకం తీసుకుంటాం అని రాయి మీద చెక్కించి మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఈరోజు 50 వేల ల్యాప్‌టాప్ బిల్లులో 7,600 రూపాయల పైచిలుకు జీఎస్టీయే. గణపతిదేవుడి లెక్కన 1,400 చిల్లర అయ్యేది. బంగారు నగ మీద జీఎస్టీ 3 శాతం, పిల్ల చదువుకునే ల్యాప్‌టాప్ మీద 18 శాతం. పెళ్లి ముఖ్యం, చదువు విలాసం అని ప్రభుత్వమే రేటు కట్టి చెబుతోంది. ఇది సిగ్గుచేటు.

దేశంలోనే ల్యాప్‌టాప్‌లు తయారు కావాలా? కావాలి. అందుకోసం 2023 మే నెలలో 17 వేల కోట్ల ప్రోత్సాహకం ప్రకటించారు, మంచిదే. ఫ్యాక్టరీ కట్టించండి. గుంటూరు బ్రాడీపేట దుకాణంలో స్వదేశీ ల్యాప్‌టాప్ అదే ధరకు పెట్టించండి. అప్పుడు మీ రేవు మూసినా ఎవరూ అడగరు. ఆకు వేయకముందే ఆకలి తీరిందా అని అడగడం దేశభక్తి కాదు. భద్రత మాటా అంతే. ఏ యంత్రంలో ఏ లోపం ఉందో తేల్చి, ఆ యంత్రాన్ని ఆపండి. డిగ్రీ పిల్ల లెక్కలు వేసుకునే డబ్బాని అనుమానితుల వరసలో నిలబెట్టకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి గడువు ముంచుకొచ్చినా కంగారుపడి, దుకాణంవాడు అంటగట్టినదల్లా కొనకండి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, దగ్గర్లో సర్వీసు సెంటరు, పక్కా బిల్లు, ఈ నాలుగూ చూసుకోండి. చాలు. ఢిల్లీకి ఒక మాట. విద్యార్థుల ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ తగ్గించండి. ఇలాంటి ఆంక్ష పెడితే ఏం చేయబోతున్నారో ముందే, కాగితం మీద, మళ్లీ మార్చకుండా చెప్పండి. చేపల వేటకు చెబుతున్నారు కదా.