ఇంజన్ ఆయిల్ విషయంలో వినకూడని సలహాలు

ఐ.పోలవరం మండలంలో బండి ఆయిల్ గురించి సలహా చెప్పని మనిషి కనబడడు. టీ కొట్టు దగ్గర ఒక మాట, చెరువు గట్టు మీద ఒక మాట, షెడ్డులో ఇంకో మాట. వీటిలో చాలా సలహాలు వేరే రకం బళ్లకో, వేరే రకం తిరుగుడుకో పుట్టినవి. మన దగ్గర ఆయిల్‌ని పాడుచేసేది ఎండ కాదు. నీళ్లు, చిన్న చిన్న తిరుగుళ్లు. ఇది గుర్తుంటే ఏ సలహా ఎక్కడ తప్పుతోందో మీకే తెలిసిపోతుంది. తరచుగా వినబడేవి ఎనిమిది ఇక్కడ ఇస్తున్నాను. దయచేసి వీటిని పాటించకండి.

1. "టర్బో ఆయిల్ పొయ్యండి, బండి టర్బోలా లాగుద్ది"

"టర్బో" అని పెద్ద అక్షరాలతో ఉండే డబ్బాలు బొలేరోలకీ లారీలకీ, అంటే టర్బోచార్జర్ ఉన్న డీజిల్ ఇంజన్లకి చేసినవి. రొయ్యల చెరువు దగ్గర జనరేటర్‌కి తెచ్చినదాంట్లో లీటరు మిగిలితే బైకులో పోసేసేవాళ్లున్నారు. దానివల్ల పికప్ రాదు. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ వేగంతో తిరిగి, లోపలికి గాలిని నొక్కి పంపే చక్రం. అది బండికి ఉండాలి గానీ డబ్బా మీద పేరుంటే చాలదు.

టర్బో మోటార్ సైకిళ్లు ఒకప్పుడు నిజంగానే వచ్చాయి. 1982లో హోండా సీఎక్స్500 టర్బో, ఆ రోజుల్లోనే యమహా ఎక్స్‌జే650 టర్బో, సుజుకీ ఎక్స్‌ఎన్85, కవాసాకీ 750 టర్బో. కొద్ది ఏళ్లకే అన్నీ ఆగిపోయాయి. ఇప్పటి కవాసాకీ హెచ్2ని చాలామంది టర్బో అనుకుంటారు. అందులో ఉన్నది సూపర్‌చార్జర్. దాన్ని తిప్పేది పొగ కాదు, ఇంజన్ గేర్లు. ఆనాటి టర్బో బళ్లలో కూడా ఇంజన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ టర్బో ఇరుసుకీ ఒకటే ఆయిల్. కాబట్టి టర్బో బండికైనా కావలసింది క్లచ్‌ని జారనివ్వని బైక్ ఆయిలే.

ఇంట్లో టర్బో డీజిల్ కారో వ్యానో ఉంటే అసలు పాటించాల్సిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. 216 హైవే మీద లాగించి వచ్చి ఠక్కున తాళం తియ్యకండి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఇంజన్ ఆగగానే ఆయిల్ రావడం ఆగిపోతుంది, అక్కడ మిగిలిన ఆయిల్ వేడికి మాడి మసి కడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి ఆపండి.

2. "కారు ఆయిలు ఖరీదండి, బైకులో పోస్తే ఇంకా మంచిది"

కారులో క్లచ్ ఆయిల్‌కి దూరంగా పొడిగా ఉంటుంది. గేర్ల బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి. పెట్రోలు ఆదా కోసం చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి క్లచ్ ప్లేట్లకి పట్టుకుంటే రేజ్ చేసినా బండి కదలదు. వెనకాల నాలుగు చేపల ట్రేలు కట్టుకుని ఎదుర్లంక–యానాం వారధి ఎక్కేటప్పుడు ఆ జారుడు స్పష్టంగా తెలుస్తుంది.

డబ్బా వెనక్కి తిప్పండి. జాసో అనే ఇంగ్లీషు అక్షరాల పక్కన ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉంటే అది గేర్ల బైకుకి పనికొస్తుంది. ఎంబీ ఉంటే గేర్లు లేని స్కూటర్లకి. కొన్ని డీజిల్ ఆయిళ్ల మీద కూడా ఎంఏ గుర్తు ఉంటుంది. అసలు గుర్తే లేనిది మాత్రం ఎంత ఖరీదైనా మీ క్లచ్‌కి వద్దు.

3. "మన ఎండలకి చిక్కటి ఆయిలే ఆగుద్దండి"

డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే, మొదటి అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని చెబుతుంది. అంటే మన మే నెల ఎండకంటే రెట్టింపుకి పైగా వేడిలోనే దాన్ని కొలిచారు. మురమళ్ళలో 42 డిగ్రీలు కాస్తోందని గ్రేడు మార్చనక్కర్లేదు. స్ప్లెండర్‌కీ యాక్టివాకీ 10డబ్ల్యూ-30, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకి 15డబ్ల్యూ-50 అని కంపెనీలు చెప్పింది ఆయా ఇంజన్ల లోపలి సందులనీ పంపునీ చూసి. పలచటి ఆయిల్‌కి కట్టిన ఇంజన్లో చిక్కటిది పోస్తే పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే పై దాకా ఎక్కడం ఆలస్యమవుతుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

4. "నల్లబడితే మార్చండి, లేకపోతే ఉంచండి"

అన్నిటికంటే ఎక్కువ ఇంజన్లని చెడగొట్టే సలహా ఇదే. ఆయిల్ నల్లబడటం తప్పు కాదు. మసిని కడిగి తనలో కలుపుకోవడం దాని పని. భయపడాల్సింది పాలు కలిపిన కాఫీ రంగుకి.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. పొద్దున్నే సైలెన్సర్ చివర కారే చుక్కలు అవే. చాలావరకు బయటికి పోయినా, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది మళ్లీ ఆవిరై పోతుంది. కానీ మన తిరుగుడు ఎలాంటిది? ఇంటి నుంచి చెరువుకి, చెరువు నుంచి మేత గొడౌన్‌కి, అక్కడి నుంచి పంటు రేవుకి. రెండు కిలోమీటర్లు నడిపి ఆపేస్తాం. ఆయిల్ వేడెక్కే లోపే బండి ఆగిపోతుంది. నీళ్లు లోపలే ఉండిపోతాయి. దానికి తోడు గోగుల్లంక, భైరవపాలెం వైపు ఉప్పు గాలి, ఏడాదిలో సగం రోజులు తేమ.

అందుకే మీటర్లో కిలోమీటర్లు తక్కువున్నాయని ధీమాగా ఉండకండి. మాన్యువల్లో కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా రాసి ఉంటాయి. ఏది ముందొస్తే అదే లెక్క. చెరువుల మీద తిరిగే బండికి నా మాట వినండి: ఆరు నెలలు దాటనివ్వకండి, వర్షాలు తగ్గాక ఒకసారి తప్పకుండా మార్చండి. వారానికోసారైనా అమలాపురం దాకా ఆగకుండా నడపండి. ఆయిల్ మూత తీసినప్పుడు దాని అడుగున తెల్లటి జిగురు కనబడితే ఆ దూరపు తిరుగుడు వెంటనే కావాలని అర్థం. ఆయిల్ కొలిచే గేజి పుల్ల నిండా ఆ కాఫీ రంగు ఉంటే నడపకండి, మార్చండి. గేజి పుల్ల వాసన చూసినప్పుడు పెట్రోలు వాసన గట్టిగా కొట్టినా అంతే.

5. "తగ్గితే పోసుకుంటే చాలు, నిండా ఉంటే ఇంకా మంచిది"

పైపైన పోసిన కొత్త ఆయిల్, అడుగున ఉన్న నీళ్లనీ మసినీ బయటికి పంపలేదు. పరిమితి దాటి పోస్తే క్రాంకు దాన్ని చిలికి నురుగు చేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది గనక అది ఇంజన్‌ని కాపాడదు. ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్లోకి వచ్చేస్తుంది, సీళ్లు కారతాయి.

మాన్యువల్లో రెండు కొలతలుంటాయి: ఆయిల్ మాత్రమే మార్చితే ఎంత, ఇంజన్ విప్పితే ఎంత. మొదటిదే మనకి కావాలి. లీటరు డబ్బా కొన్నామని లీటరూ పొయ్యక్కర్లేదు. స్ప్లెండర్ లాంటి బళ్లలో రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి, బండిని మెయిన్ స్టాండ్ మీద నిటారుగా పెట్టి గేజి పుల్ల చూడాలి. పుల్లని తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యాలి. సైడ్ స్టాండ్ మీద చూసిన కొలత కొలతే కాదు.

6. "కిరోసిన్ పోసి కడిగెయ్యండి, లోపల అద్దంలా ఉంటాది"

కిరోసిన్‌కైనా డీజిల్‌కైనా జిగురుండదు. అది పోసి ఇంజన్ తిప్పినంతసేపూ బేరింగులు రక్షణ లేకుండా అరుగుతాయి. కడిగిందంతా బయటికీ రాదు. మిగిలింది కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది, ఊడిన మడ్డి జాలీకి అడ్డం పడుతుంది. బండి వేడిగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పి, నిటారుగా ఉంచి, పావుగంట ఓపిక పట్టండి. అంతకు మించిన కడుగుడు అక్కర్లేదు. బోల్టుకి కొత్త వాషర్ వెయ్యమనండి. అల్యూమినియం కేసులో మర త్వరగా పోతుంది గనక పొడవాటి పైపు తగిలించి బిగించనివ్వకండి.

7. "మునిగిందా? ఆరబెట్టి కిక్కు కొట్టండి"

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు కోనసీమ లంకల్లో ఎన్నో బళ్లు మునిగాయి. మునిగిన బండిని పైన తుడిచి స్టార్ట్ చేస్తే సిలిండర్లో నీళ్లు నొక్కుకుపోక కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు విప్పండి. నెమ్మదిగా కిక్కు కొట్టి సిలిండర్లో నీళ్లు బయటికి పంపండి. ఎయిర్ ఫిల్టరూ కార్బొరేటరూ చూపించండి. ఆయిల్ మొత్తం దించి, సరైన గ్రేడులో చవకైనది పోసి, కాసేపు నడిపి, మళ్లీ దించండి. ఆ కాఫీ రంగు పూర్తిగా పోయేదాకా ఇలాగే చెయ్యాలి. ఏటిపోటుకి వచ్చిన ఉప్పునీళ్లయితే రేపటికి వాయిదా వెయ్యకండి, బేరింగులు తుప్పు పడతాయి.

8. "పాత ఆయిలు కాలవలో పోస్తే కొట్టుకుపోద్ది"

కొట్టుకుపోయేది ఎక్కడికి? మురుగుకాలవ గోదావరి పాయ గౌతమిలో కలుస్తుంది, గౌతమి భైరవపాలెం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో అదే నీటిని రొయ్యల చెరువులకి తోడుకుంటున్నాం. వాడిన ఆయిల్లో లోహాల పొడీ, కాలిపోయిన పెట్రోలు మిగిల్చిన విషపదార్థాలూ ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది ప్రమాదకర వ్యర్థం. గట్టు మీద పొయ్యకండి, చెదలకని కొబ్బరి మొదళ్లకి పుయ్యకండి, పొయ్యిలో కాల్చకండి. వచ్చిన డబ్బాలోనే తిరిగి పోసి, పాత ఆయిల్ పీపాలో పోగుచేసి రీసైక్లింగ్‌కి ఇచ్చే షెడ్డులో అప్పజెప్పండి. అలా ఇవ్వని షెడ్డుకి మీ బండి ఇవ్వకండి.

ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. సీలు మీ ముందే తియ్యమనండి, గ్రేడూ జాసో గుర్తూ చదవండి, కొలత చూసి పొయ్యమనండి, తేదీ ట్యాంకు కవరు లోపల రాసుకోండి. ఖాళీ డబ్బాలో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లున్నారు గనక, అందులో పోసిన పాత ఆయిల్ పీపాలోకి వంపాక ఆ డబ్బాకి చిల్లు పెట్టించండి. పది నిమిషాల పని ఇది. ఇంజన్ బోరుకి రాకుండా ఏళ్ల తరబడి నడిచేది దీనివల్లే.