సన్‌రూఫ్ కింద గొడుగు

బ్రేకు వేస్తే కారు కీచుమంటే మెకానిక్ దగ్గరికి వెళ్తాం. మా కారు మాత్రం కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా గుళక్కుమనేది. దీన్ని మెకానిక్‌కి చూపించాలా, ప్లంబర్‌కి చూపించాలా అన్నది మా ఇంట్లో చాలా రోజులు తేలలేదు.

రాత్రి వాన పడితే తెల్లారేసరికి ముందు ఎడమ సీటు కింద మడుగు కట్టేది. ఆ సీటు మా ఆవిడది. "ఇవే నీళ్లు బ్రేకు పక్కన నిలిచుంటే మీకు ఈపాటికి జ్ఞానోదయం అయ్యుండేది" అంది, చెప్పులు చేత్తో పట్టుకుని కాళ్లు సీటు మీదికి లాక్కుంటూ.

కార్లో నీళ్లు కనపడగానే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉన్నవాళ్లందరికీ ఇంజనీరింగ్ పట్టాలు వచ్చేస్తాయి. ముందు అద్దం లూజయిందన్నారు అసోసియేషన్ సెక్రటరీగారు. డోరు రబ్బరు పోయిందన్నాడు వాచ్‌మన్. "మా రోజుల్లో కార్లకి సన్‌రూఫ్‌లు లేవు, అయినా వాన లోపలికి వచ్చేది. మేమేమైనా గోల చేశామా?" అన్నారు మామగారు. రోగనిర్ధారణలో ఎన్ని తేడాలున్నా మందు విషయంలో అందరిదీ ఒకే మాట: "ఓ సిలికాన్ ట్యూబు కొట్టించెయ్యండి."

మా మెకానిక్ భాయ్ ట్యూబు జోలికి పోలేదు. ముందు ఆ నీళ్లు ఎవరివో తేల్చాలన్నాడు. వాన లేని రోజున ఏసీ వేసుకుని తిరిగాక కూడా అక్కడే తడిస్తే అవి ఏసీ నీళ్లు. కారు కింద బొట్లుబొట్లుగా కారాల్సినవి, గొట్టం పూడుకుపోయి లోపలికి మళ్లాయన్నమాట. తడి జిగటగా, రంగుతో, తియ్యటి వాసనతో ఉండి, లోపల అద్దం మీద జిడ్డు పొర కడుతుంటే అది కూలెంటు. వాన పడ్డప్పుడే వచ్చి, మట్టినీ ఆకు ముక్కలనీ వెంట తెస్తే అది అచ్చంగా వాన నీరు. తియ్యటి వాసన మాట వినగానే సెక్రటరీగారు మడుగులో వేలు ముంచి నోటి దాకా తీసుకెళ్లారు. భాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. కూలెంటు విషం. నీళ్లు వానవే అని తర్వాత తేలింది గానీ, అప్పటికి మాత్రం సంఘం ఎన్నికలు వచ్చేంత పనయింది.

అప్పుడు భాయ్ అసలు రహస్యం చెప్పాడు: "సార్, ఇది నీళ్లు వచ్చే ప్రాబ్లమ్ కాదు, పోయే ప్రాబ్లమ్."

కారు కట్టినవాడు వానతో పోట్లాడలేదు, రాజీ పడ్డాడు. డోరు అద్దం దిగే సందులోంచి నీళ్లు డోరు లోపలికి దర్జాగా వెళ్తాయి. అడుగు అంచున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. అవి మన వైపు రాకుండా డోరు ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు కాపలా. వైపర్ల కింద జాలీలో పడ్డ నీళ్లకి రెండు పక్కలా దారులున్నాయి. సన్‌రూఫ్ రబ్బరు కూడా నీటిని పూర్తిగా ఆపదు. దాన్ని దాటొచ్చిన నీళ్లు చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల్లోని సన్నటి గొట్టాల ద్వారా స్తంభాల్లోంచి కిందికి దిగిపోతాయి. 1908 మూసీ వరద తర్వాత పిలిపించిన విశ్వేశ్వరయ్యగారు కూడా ఎగువన జలాశయాలు కట్టమని, ఊళ్లో మురుగునీటికి దారులు వేయమని చెప్పారే గానీ, హైదరాబాద్‌కి సిలికాన్ కొట్టమనలేదు. నాలాలు మూసేశాక వీధులు మునిగినట్టే కార్లూ మునుగుతాయి. ఇదంతా విన్న సెక్రటరీగారి మొహం పాలిపోయింది. ఆయన తన కారు డోర్ల అడుగున ఉన్న "చిల్లులన్నీ" కిందటి నెలే శుభ్రంగా మూయించేశారు.

ఇక దొంగను పట్టే ఘట్టం. మ్యాటు తీసి, లోపలంతా తుడిచి, ఆరాక టాల్కం పౌడరు చల్లాం. నీటి చుక్క ఎక్కణ్నుంచి జారినా పౌడరు మీద గీత పడుతుంది. బయట పైపుతో నీళ్లు సన్నగా వదలాలి. అదీ కింది నుంచి పైకి, ఒక్కోచోట కాసేపు ఆగుతూ. ముందే నెత్తిన పోస్తే అన్నీ తడుస్తాయి, దొంగ గుంపులో కలిసిపోతాడు. లోపల టార్చితో కూర్చోవడానికి సన్నగా ఉన్నవాళ్లు కావాలన్నాడు భాయ్. మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది. అద్దాలు మూసున్నాయి కాబట్టి ఆమె ఏదో అనడం, నేను "ఆఁ?" అనడం, ఆమె మళ్లీ అనడం. ఆఖరికి రెండడుగుల దూరంలోంచి ఫోన్ చేసింది: "స్తంభం మీద పైనుంచి గీత పడింది. ఇంక పైపు కట్టేస్తారా, నన్ను అభిషేకించే దాకా ఆగుతారా?"

సన్‌రూఫ్ తెరిచి ముందు మూలల్లో చెరో గ్లాసుడు నీళ్లు పోశాడు భాయ్. కుడివైపువి వెంటనే కిందికి దిగి రోడ్డు మీద పడ్డాయి. ఎడమవైపువి కదల్లేదు. నేను ఇనుప తీగ తెస్తే కోప్పడ్డాడు: గొట్టం చిరిగినా, లోపల అతుకు ఊడినా రూఫ్ లైనింగ్ అంతా దించాలట. మెత్తటి నైలాను తీగ నెమ్మదిగా ఆడించాడు. కింద గొట్టం చివరినుంచి ఉగాది పచ్చడికి సరిపడా వేపపువ్వు రాలింది.

ఆరబెట్టడం వేరే ప్రహసనం. కార్పెట్ పైన పొడిగా నవ్వుతుంటుంది, కింది స్పాంజి నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. అక్కడే వైర్ల కనెక్టర్లు కూడా ఉంటాయి. అందుకే సీటు ఊడదీసి, కార్పెట్ ఎత్తి ఆరబెట్టాం. ముక్క వాసన పోవడానికి మామగారు అగరొత్తులు వెలిగిస్తే, రెండు రోజులు కారు పాత గుళ్లోని బావిలా కొట్టింది.

వేపచెట్టు కింద పార్కింగ్ మానమన్నాడు భాయ్. మేలో స్టీరింగ్ పట్టుకుని కెవ్వుమనేది ఆయన కాదు కదా. చెట్టును వదల్లేదు, ఒప్పందం మార్చుకున్నాం. జూన్ మొదట్లో మృగశిర కార్తె వస్తుందనగా, ఊరంతా చేపల కోసం బజారుకి పరుగెడుతుంటే నేను వైపర్ల జాలీలోంచి, సన్‌రూఫ్ మూలల్లోంచి ఆకులు ఏరుతుంటాను. మృగశిరకి చేపలు తినాలి గానీ కార్లో పెంచకూడదని మా ఆవిడ శాసనం.