పి0135: టీకా తాత్పర్య సహితము

మూలము
పి0135: ఓ2 సెన్సర్ హీటర్ సర్క్యూట్, బ్యాంక్ 1, సెన్సర్ 1

అవతారిక
డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ ఆకారపు పసుపు దీపము వెలుగగా, మెకానిక్కు స్టీరింగు క్రింది సాకెట్టున స్కానర్ గుచ్చగా, తెరపై వెలువడిన కోడ్ వాక్యమిది. వక్త ఈసీయూ, అనగా ఇంజినును నడుపు కంప్యూటరు. శ్రోత కారు యజమాని. కాలము నెలాఖరు. రసము కరుణము.

ప్రతిపదార్థము
పి = ఇంజిను, గేరుబాక్సుల వర్గమునకు చెందిన; 0 = అన్ని కంపెనీల కార్లకును ఉమ్మడియైన; 1 = ఇంధనము, గాలి కొలతకు సంబంధించిన; 35 = ఆ వర్గమున ఈ దోషమునకు గుర్తైన సంఖ్య; ఓ2 సెన్సర్ = పొగలో మిగిలిన ఆక్సిజనును కనిపెట్టుదాని యొక్క; హీటర్ = దానిని లోపలినుండి కాచుదాని యొక్క; సర్క్యూట్ = కరెంటు పోయి వచ్చు దారి మొత్తము; బ్యాంక్ 1 = ఒకటవ సిలిండరున్న వైపున; సెన్సర్ 1 = క్యాటలిటిక్ కన్వర్టరుకు ముందున్నది.

ఇందు క్రియాపదము లేదు. ‘చెడినది’ అని అధ్యాహారము చేసికొనవలెను. ఏది చెడినది అనుచోటనే వ్యాఖ్యాతలు విడిపోయిరి.

నాలుగు సిలిండర్లు ఒకే వరుసనున్న చిన్న కారులో రెండవ బ్యాంకే లేదు గదా, ‘1’ ఏల? వి ఆకారపు ఇంజిన్లను కూడ కలుపుకొని చేసిన పరిభాష యిది. వ్యర్థపద దోషము పట్టరాదు.

తాత్పర్యము
జిర్కోనియా పింగాణితో చేసిన ఈ సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినగాని నోరు విప్పదు. విప్పిన పిదప పెట్రోలు ఎక్కువైనచో 0.9 వోల్టులకు చేరువగను, తక్కువైనచో 0.1కి చేరువగను పలుకును. 1976లో బాష్ వారి సెన్సర్ తొలుత వోల్వో కార్లలోనికి వచ్చినపుడు దానికి హీటరు లేదు. పొగ వేడియే దిక్కు. 1982లో హీటరు చేరినది. అది పని చేయనిచో, సెన్సర్ పలుకునంత వరకు ఈసీయూ తన పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోయించుచుండును. హైవేపై హైదరాబాదు నుండి విజయవాడకు పోవువానికి పొగ వేడి చాలును గనుక తేడా అంతగా తెలియదు. ఇంటినుండి బడికి, బడినుండి కూరల మార్కెట్టుకు తిరుగు బండికే జేబు చిల్లు.

పూర్వపక్షము
‘సెన్సర్ మార్చిన సరి’ అని ఒక సంప్రదాయము. విడిభాగములు అమ్మువారికి ఇదియే పరమ ప్రమాణము. మూలమున సెన్సర్ శబ్దమున్నది గదా అని వారి యుక్తి. ఇది విశేషణమును పట్టుకొని విశేష్యమును వదలుట. ‘సర్క్యూట్’ అన్నపుడు ఫ్యూజు, రిలే, తీగలు, కనెక్టరు, హీటరు, ఈసీయూలోని ట్రాన్సిస్టరు అన్నియు వచ్చినవి. ఫ్యూజు పోయిన బండికి కొత్త సెన్సర్ బిగించినను దీపము మరల వెలుగును. పోసిన డబ్బు మాత్రము మరల రాదు.

సిద్ధాంతము
ప్రత్యక్షమే ప్రమాణము, అనగా మల్టీమీటరు. ఇంజిను చల్లారిన పిమ్మట కనెక్టరు ఊడదీసి, సెన్సర్ వైపు నాలుగు తీగలలో ఒకే రంగున్న రెండింటికి (అనేకములలో తెలుపు, కొన్నిట నలుపు) ప్రోబులు తాకించవలెను. బండి మాన్యువల్ చెప్పిన కొద్దిపాటి ఓమ్‌లు కనబడినచో హీటరు తీగ తెగలేదు. ‘ఓఎల్’ అని కనబడినచో అనంతము. వేదాంతమున అనంతదర్శనము మోక్షహేతువు. ఇచట హీటరు కాలినదని అర్థము. హీటరు తీగ సెన్సర్ లోహపు ఒంటితో కలిసియున్నను దోషమే; ఫ్యూజును మాటిమాటికి కాల్చునది అదియే. ఈ రెండు చోట్ల మాత్రము పూర్వపక్షికే గెలుపు.

హీటరు నిర్దోషియైనచో కనెక్టరులో బండివైపు చూడవలెను. ఫ్యూజు బాగున్నదా? కీ తిప్పినపుడు, కొన్ని బండ్లలో ఇంజిను నడచునపుడు, ఒక తీగకు బ్యాటరీ వోల్టేజి వచ్చుచున్నదా? ఇచట పెద్దపెద్దవారే మోసపోవుదురు. తీగలో పోగులన్నియు తెగి ఒక్కటే మిగిలినను మీటరు 12 వోల్టులనియే చూపును, తాను కరెంటును దాదాపు లాగదు గనుక. కావున 21 వాట్ల ఇండికేటరు బల్బును ఆ తీగకును బాడీ ఎర్త్‌కును నడుమ తగిలించి చూడవలెను. నిండుగా వెలిగిన దారి మంచిది. గుడ్డిగా వెలిగినచో పచ్చచిలుము పట్టిన పిన్నో, వేడి పొగగొట్టమునకు తగిలి కాలిన తీగయో ఎచటనో కలదు.

రెండవ తీగ ఈసీయూ చేతిలోనిది. ఇంజిను నడువ మొదలిడిన తొలుత పొగగొట్టమున నీటి చుక్కలుండును. ఒక్కుమ్మడిగా కాచిన పింగాణి పగులును. అందుచే ఈసీయూ ఆ తీగను కలుపుచు విడుచుచు వేడిని కొలిచి యిచ్చును. బల్బును రెండు తీగల నడుమ పెట్టినపుడు మినుకుమినుకుమనుట ఇచట దోషము కాదు, గుణము. దోషము కనిపెట్టగానే ఈ దారి మూసివైచు ఈసీయూలును కలవు గనుక కోడ్ చెరిపి చూచుట మేలు.

విశేషములు
సెన్సర్ మార్చక తప్పనిచో, తీగ దూరు చీలికగల 22 మి.మీ. సాకెట్టు చాలవాటికి సరిపోవును. గ్రీజు మరలకే గాని మొనకు అంటరాదు.

కోడ్ చెరుపుట చికిత్స కాదు. ఈసీయూ మరల పరీక్షించి మరల వ్రాసికొనును. మరమ్మతు సరిగా జరిగినచో, ఎవ్వరు చెరుపకున్నను, వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో దోషము కానరానిచో దీపము తనంతట తానే ఆరును.