చెంచాడంటే ఎంత?

ఈ కాలం తల్లిదండ్రులకు అన్నీ అమరాయి. పిల్లాడికి యాంటీబయాటిక్ సిరప్ రాస్తే, అట్టపెట్టెలో పొడి సీసా ఉంటుంది, అందులో కలపడానికి శుద్ధి చేసిన నీళ్లు చాలాసార్లు పక్కనే ఉంటాయి, గీతలున్న మూత ఉంటుంది, కొన్నింట్లో సూది లేని సిరంజి కూడా ఉంటుంది. ఆరెంజి రుచి, స్ట్రాబెర్రీ వాసన సరేసరి. ఇంత చేసి ఇస్తే, ఆ మూత ఎక్కడో పారేసుకుని, టీలో పంచదార కలిపే చెంచాతో కొలిచి పోస్తారు. అదేమంటే, "చెంచాడే కదండీ రాశారు!" అని నన్నే ఎదురు ప్రశ్న వేస్తారు.

మా రోజుల్లో ఈ వైభోగం ఎక్కడిది? నేను ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరుని. తర్వాత్తర్వాత ఫార్మసిస్టని బోర్డు మార్చారు గానీ, ఊరికి మాత్రం చివరిదాకా కాంపౌండరుగారినే. మిక్చరు కావాలంటే ఖాళీ సీసా ఇంటినుంచి తెచ్చుకోవాలి. మూత తీసి వాసన చూసేవాణ్ణి. కిరసనాయిలు కంపు కొట్టిందంటే, ఎంత పెద్దమనిషి ఇంటి సీసా అయినా, కడుక్కురమ్మని వెనక్కి పంపడమే.

మందు పోశాక అసలు పని మొదలయ్యేది. సీసాలో మందు ఎంత ఎత్తుందో అంత పొడవున కాగితం చీల్చి, ఎన్ని మోతాదులో అన్ని మడతలు వేసి, మడతల కొసలు కత్తెరతో తుంచి విప్పితే, రెండంచులా రంపప్పళ్లలా గాట్లు పడేవి. జిగురు రాసి దాన్ని సీసా పక్కన నిలువుగా అతికించేవాణ్ణి. "పొద్దున ఈ గాటుదాకా, రాత్రికి ఆ గాటుదాకా. పోసేముందు బాగా కుదుపు" అని చెప్పి, తిరిగి ఆ తల్లిచేత చెప్పించుకుని గానీ సీసా వదిలేవాణ్ణి కాదు. అక్షరం ముక్క రాని తల్లులు కూడా గాటు తప్పేవారు కాదు. ఇప్పుడు సీసా చుట్టూ అంతా అక్షరాలే. చదివేవాళ్లే లేరు.

అలాగని అప్పుడంతా బంగారమని నేననను. పిల్లల మోతాదుకి మాకు యంగ్ సూత్రమని ఒకటుండేది. వయసుని, వయసుకి పన్నెండు కలిపితే వచ్చినదానితో భాగించి, పెద్దల మోతాదులో అంత వంతు ఇవ్వడం. నాలుగేళ్లవాడికి పదహారింట నాలుగు, అంటే పాతిక వంతు. లెక్క ముచ్చటగా ఉంటుంది. కానీ నాలుగేళ్ల పిల్లలందరూ ఒకే బరువుంటారా? ఇప్పటి డాక్టర్లు పిల్లాణ్ణి తూకం మీద నిలబెట్టి కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టి రాస్తున్నారు. అది మెరుగే, ఒప్పుకుంటాను. నా గొడవల్లా, అలా తూచి రాసిన చీటీని దాచుకుని, ఏడాది తర్వాత మళ్లీ దగ్గొస్తే అదే మందు అదే లెక్కన కొని పోసేవాళ్లతో.

ఇంకో మచ్చ కూడా చెప్పాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే లేబొరేటరీలో పరిశోధనలకు పెద్దగా ఉన్న కాలంలో, 1948లో, ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అది పెద్దబిడ్డ. ఎన్నో ప్రాణాలు నిలిపిన మందులవి. అయితే ఎనిమిదేళ్లలోపు పిల్లలకిస్తే, ఎదుగుతున్న పళ్లకి పట్టుకుని పసుపు, గోధుమరంగు మరకలు చేస్తాయని ఆ తర్వాత గానీ తెలియలేదు. నా ఈడువాళ్లకన్నా ఓ తరం చిన్నవాళ్లలో ఎవరి పళ్లమీదైనా అలాంటి చారలు కనిపిస్తే నాకు ముందు గుర్తొచ్చేది అదే. పెద్దలకి మంచిదైన మందు పిల్లలకి మంచిది కానక్కర్లేదు. ఇంట్లో మిగిలిన పెద్దల మాత్రని అరగదీసి పిల్లాడికి పోసే వైద్యం ఈ కాలంలోనూ సాగుతూనే ఉంది.

పొడి సీసా సంగతికొద్దాం. దీన్ని ఆదరాబాదరాగా కలపడం చూస్తే నా చేతులు ఊరుకోవు. ముందు సీసాని అరచేతికేసి తట్టి, అడుగున గట్టిపడ్డ పొడిని వదులు చెయ్యాలి. పెట్టెలో నీళ్లు లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చినవి వాడాలి. వేడివి పోస్తే మందు గుణం చెడుతుంది. సగం నీళ్లు పోసి గిలక్కొట్టి, నురగ దిగేదాకా ఆగి, అప్పుడు గీతదాకా నింపి మళ్లీ కలపాలి. నురగని చూసి గీత వచ్చేసిందనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కనవుతుంది, గీత దాటితే పలచనవుతుంది. కలిపాక కూడా మందు అడుక్కి దిగుతూనే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ కుదపాల్సిందే. లేకపోతే మొదటిరోజు రంగునీళ్లు, ఆఖరిరోజు మందంతానూ.

అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన సిరప్‌ని కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, ఏడురోజులు దాటితే పారబొయ్యాలి. గడ్డకట్టే అరలో పెట్టకూడదు. అన్ని మందులకీ ఇదే లెక్క కాదు, సీసా మీద రాసి ఉంటుంది. రెండు సీసాలు కొనమంటే రెండూ ఒకేసారి కలిపి కూర్చోకండి. మొదటిది అయ్యాకే రెండోది కలపండి.

చెంచా గొడవ ఇంకా అయిపోలేదు. మందుల లెక్కలో చెంచాడంటే 5 మి.లీ. మన వంటింటి చెంచాల్లో ఒకదాంట్లో 3 పడితే ఇంకోదాంట్లో 7 పడుతుంది. అందుకే సిరంజి. అంతకన్నా ప్రమాదం సీసా మారిపోవడం. ఒకే పేరు మీద 5 మి.లీ.కి 228.5 మిల్లీగ్రాములది ఒకటి, 457 మిల్లీగ్రాములది ఒకటి అమ్ముతారు. మా వీధి చివర మందుల షాపులో, రాసింది లేదని రెండోది తీసి, "అదే మందమ్మా, ఏం ఫరవాలేదు" అని కుర్రాడు ఇచ్చేస్తుంటే నేనే అడ్డం పడ్డాను. మందు అదే, మోతాదు రెట్టింపు! జ్వరం మందు చుక్కలకీ సిరప్‌కీ కూడా ఇలాగే చిక్కదనంలో బోలెడు తేడా. సీసా మీద అంకె చీటీ మీద అంకెతో సరిపోతేనే ఇంటికి తెచ్చుకోండి.

పోసే తీరులో మాత్రం మా కాలానిదే తప్పు. కాళ్లమీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఏడుస్తున్న నోట్లోకి ఉగ్గుగిన్నెతో పోసేవారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయే దారి. పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి కొసని బుగ్గ లోపలివైపు పెట్టి, కొంచెం కొంచెంగా మింగనిస్తూ పొయ్యాలి. తేనెలో రంగరించి నాకించడం కూడా ఏడాది నిండని బిడ్డకి కూడదు, బాట్యులిజం అనే విషజబ్బు రావచ్చు. పాలసీసా నిండా పాలలో మందు కలిపితే వాడు సగం తాగి వదిలేస్తాడు, సగం మందు సింకు పాలు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండింతలు పొయ్యకూడదు. పోసిన వెంటనే కక్కేస్తే మళ్లీ పొయ్యాలో వద్దో డాక్టరుని అడగండి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే మందాపి ఆసుపత్రికి పరుగెత్తాలి. అప్పుడు నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు.

మా కోడలు చదువుకున్న పిల్లే. మూడోరోజుకి, "మావయ్యగారూ, జ్వరం తగ్గిందిగా, ఇంకెందుకండీ?" అంది. "డాక్టరు ఎన్నాళ్లు రాశాడమ్మా?" అన్నాను. "అయిదు" అంది. మరి అయిదే. ఆపాలన్నా ఆయనే చెప్పాలి. చాలీచాలని మోతాదిస్తే సూక్ష్మజీవులు మందుకి అలవాటు పడిపోతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. ఆయన మాటే వినలేదు, నా మాట వింటారా?

అసలు జలుబుకి యాంటీబయాటిక్ ఎందుకు? మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానిమీద ఇది పనిచెయ్యదు. "ఏమీ రాయలేదేంటండీ" అని డాక్టరుతో పేచీ పెట్టుకునే తండ్రుల్ని ఇప్పుడే చూస్తున్నాను. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. పిల్లలకి తరచూ రాసే సెఫిక్సిమ్ కూడా ఆ జాబితాలోదే. చీటీ చూసి, డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టర్లో రాసుకునే అమ్మాలి. చీటీ అడిగిన షాపువాడిమీద విసుక్కోకండి, వాడు మీ పిల్లాడికి మేలే చేస్తున్నాడు.

ఇంత చెప్పినా మీరు చెయ్యరని తెలుసు. పోనీ, ఒక్కటి చెయ్యండి. సీసా కలపగానే ఆనాటి తేదీ దానిమీదే రాయండి. వారం తర్వాత ఫ్రిజ్ తెరిచి, ఇది ఎప్పటిదని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనక్కర్లేదు. పెన్ను లేదంటారా, నా జేబులో ఎప్పుడూ ఉంటుంది, వచ్చి పట్టుకెళ్లండి.