తనకు తెలిసింది ఒక్క అంకె

సి భాషలోని టైమ్ ఫంక్షన్ తన కథ చెప్పుకోవాల్సి వస్తే 1970 జనవరి 1 నుంచే మొదలుపెడుతుంది. అది తాను పుట్టిన రోజేం కాదు, లెక్క మొదలైన రోజు. తొలినాళ్ల యునిక్స్ 1971 నుంచి, అదీ సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టేది. 32 బిట్లలో ఆ లెక్క రెండున్నరేళ్లకు కూడా చాలదు. అందుకే సెకన్లకు దిగొచ్చారు.

ఆ సున్నా సెకను అంతర్జాతీయ సమయంలో అర్ధరాత్రి. తిరుపతిలో మాత్రం గురువారం తెల్లవారుజాము అయిదున్నర. ధనుర్మాసం గనక ఆ రోజు కొండమీద సుప్రభాతం లేదు, తిరుప్పావై చదివారు. ఇవేవీ తాను ఎరగనంటుంది టైమ్. నల్ ఇచ్చి పిలిస్తే అప్పటిదాకా గడిచిన సెకన్లు చెప్పి ఊరుకుంటుంది.

వాటిని తేదీగా మార్చేది లోకల్‌టైమ్ అనే మరో ఫంక్షన్. చిత్తూరు కాలేజీ ల్యాబుల్లో పిల్లలు తికమకపడేది అక్కడే. 2026 జనవరి 14న నడిపిన ప్రోగ్రాము 14-0-126 అని అచ్చేస్తుంది.

"ఏంది మేడం ఇది, నెల సున్నా అంటా ఉండాది?"

"సున్నా అంటే జనవరేరా. నెలకు ఒకటి, సంవత్సరానికి 1900 కలుపు."

ఇక ఊరి సమయం. లోకల్‌టైమ్ ఆ అంకెకు 19,800 సెకన్లు కలుపుతుంది, అంటే అయిదున్నర గంటలు. అది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశపు లెక్క. తిరుపతి అంతకు పడమరన ఉంది కాబట్టి ఇక్కడి సూర్యుడు గడియారం కన్నా పన్నెండు నిమిషాలు వెనక. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలో 1,024 యాంటెనాలతో గాలుల కదలిక పట్టే రాడార్ ఉంది. దాని మీద పరిశోధన పత్రాలు రాసేవాళ్లు ఇచ్చిన సమయం ఎక్కడిదో విడిగా చెప్పేది ఇందుకే.

అన్నిటికన్నా తమాషా టర్బో సి అనే పాత కంపైలర్‌ది. మన కాలేజీలు ఎంతకీ వదలని ఆ నీలం తెరకు టీజెడ్ అనే అమరిక చెప్పకపోతే, తాను అమెరికా తూర్పు తీరంలో ఉన్నాననుకుంటుంది! తెరమీద తేదీ, గంట సరిగ్గానే కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. లోపల సెకన్ల అంకె మాత్రం జనవరిలో పదిన్నర గంటలు ముందుకు పోయి ఉంటుంది. ఆ అంకెను మరో యంత్రానికి పంపితే గానీ గుట్టు బయటపడదు.

ఆ అంకెకు టర్బో సి ఇచ్చేది నాలుగు బైట్లే. లెక్క సరిగ్గా ఉంటే, మన సమయం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండుతుంది. సమయం సరిగ్గా అమర్చుకున్న 32 బిట్ల యంత్రాల్లో మరుసటి సెకను 1901 డిసెంబరుకు పోతుంది. ఇప్పటి 64 బిట్ల లినక్స్‌లో ఆ అంకెకు ఎన్ని బైట్లో సైజాఫ్‌తో అడిగితే 8 వస్తుంది, ఆ గొడవ లేదు. టర్బో సిలో అడిగితే ఇప్పటికీ 4.