రోజుకో ఇంగ్లీషు మాట: వ్రత విధానం

రోజుకొక అరుదైన ఇంగ్లీషు మాట నేర్చుకోవడం ఉత్తరాంధ్రలో విరివిగా పట్టే వ్రతాల్లో ఒకటి. పరీక్షలకు చదివే కుర్రాళ్ళు, కొత్తగా రిటైరైన గుమాస్తాలు, ఇంగ్లీషు మీడియం పిల్లల తండ్రులు దీన్ని ఎక్కువగా పడతారు. తిథీ నక్షత్రమూ చూడనక్కర్లేదు. జనవరి 1న గానీ, బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషను పడిన మర్నాడు గానీ మొదలుపెడతారు. ఉద్యాపన ఎప్పుడు, ఎలా అన్నది ఎక్కడా చెప్పలేదు. అంతదాకా వెళ్ళినవారు కనిపిస్తే కదా అడగడానికి!

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గర్లో, హౌరా–చెన్నై రైలు దారి మీద ఉన్న నౌపడలో ఈ వ్రతాన్ని తీరిగ్గా పరిశీలించవచ్చు. ఆ ఊరికి పేరు తెచ్చినవి రెండు: ఉప్పు, రైలు జంక్షను. రెంటికీ ఇంగ్లీషుతో లావాదేవీ ఉంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

కావలసిన సామగ్రి స్వల్పం. 200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి, రెండు రంగుల పెన్నులు, ఒక సెల్‌ఫోను. పాతకాలపు ఇళ్ళలో అయితే శంకరనారాయణ నిఘంటువు ఉంటుంది, మొదటి పేజీలూ చివరి పేజీలూ ఊడిపోయి. నోటుబుక్కులో పేజీకి మూడు గళ్ళు గీస్తారు: మాట, అర్థం, సొంత వాక్యం. మొదటి రెండు గళ్ళూ చూసి రాసుకోవడమే కనుక దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. చిక్కంతా మూడో గడిలోనే.

సొంత వాక్యంలో కర్త ఎప్పుడూ రాముడే. రెండో తరగతిలో ‘రామా ఈజ్ ఎ గుడ్ బాయ్’ అని మొదలుపెట్టిన పాపానికి ఆయనకు జన్మలో సెలవు దొరకదు. సోమవారం ‘గారులస్’ వచ్చి ఆయన వదరుబోతు అవుతాడు. మంగళవారం ‘పుసిలానిమస్’ వచ్చి పిరికిపంద అవుతాడు. బుధవారం ‘అబ్సీక్వియస్’ కాబట్టి అడుగులకు మడుగులొత్తుతాడు. వాల్మీకి నారదుణ్ణి అడిగిన గుణాలు పదహారే. నెల తిరిగేసరికి ఈ నోటుబుక్కులో ఇంకో ముప్ఫై చేరతాయి, వాటిలో సగం తిట్లు. రెండో నెలలో మూడో గడి ఖాళీగా వదిలేయడం మొదలవుతుంది. అంటే వ్రతం పాకాన పడిందన్నమాట.

నేర్చిన మాటను ఆ రోజే ఎవరి మీదైనా ప్రయోగించాలన్నది నియమం. ఉదయం అది వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. మధ్యాహ్నానికి స్నేహితుల మీదికి, రాత్రికి ఇంట్లోవాళ్ళ మీదికి వస్తుంది. కంచం ముందు కూర్చున్న మనవడు పప్పు ‘ఇన్‌సిపిడ్’గా ఉందంటే, నాయనమ్మ గరిటె పట్టుకుని ఆగి, “అదేటిరా బావూ, తిట్టా?” అంటుంది. ఉప్పు తక్కువైందని తెలుగులో విప్పి చెప్పాక గాని ఉప్పు పడదు. ఉప్పు పండే ఊళ్ళోనే ఇంత జాప్యం!

నిఘంటువులోంచి వచ్చిన మాటకు ఉచ్చారణ తోడు రాదు. ‘రాండెవూ’ అనవలసింది ‘రెండెజ్‌వస్’ అవుతుంది, ‘ఫసాడ్’ అనవలసింది ‘ఫకేడ్’ అవుతుంది. ఇందులో కుర్రాళ్ళ తప్పేమీ లేదు. రాసినట్టే చదివే భాషలో పెరిగినవాడు రాసినదాన్ని నమ్ముతాడు. ఇప్పుడు ఫోను చెవిలో పలికి చూపిస్తోంది గానీ, అది పలికినట్టు పలికితే వినేవాళ్ళకు అర్థం కావడం లేదన్నది కొత్త ఇబ్బంది.

ఈ వ్రతానికి మూలపురుషుడు ఎవరంటే ఉత్తరాంధ్ర వారికి గిరీశం గుర్తుకు రావడం సహజం. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. గురుశిష్యులిద్దరూ కాస్త ఇంగ్లీషు మాట్లాడుకుంటే విందామని వెంకమ్మ ముచ్చటపడితే, గురువు గిరీశం నక్షత్రం మీది పిల్లల పద్యం అప్పజెబుతాడు, కొడుకు వెంకటేశం తనకొచ్చిన ఇంగ్లీషు ముక్కతో జవాబిస్తాడు. తల్లి మురిసిపోతుంది. మాట అర్థం కావలసిన పని లేదు, పలికితే చాలు అన్న సిద్ధాంతం అక్కడ సంపూర్ణంగా ఉంది. తర్వాత వచ్చినవారు దానికి నోటుబుక్కు మాత్రమే చేర్చారు.

అయితే నేరమంతా గిరీశం మీద వేయడం అన్యాయం. ఇంగ్లీషువాళ్ళకే ఇంగ్లీషు కొరుకుడు పడలేదు. రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు 1604లో అచ్చువేసిన మొట్టమొదటి ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువులో ఉన్నవి సుమారు 2,500 మాటలు, అన్నీ కష్టమైనవే. తేలిక మాటలకు అర్థం చెప్పాలన్న ఆలోచన అప్పటికి వారికి రాలేదు. అమెరికాలో విల్‌ఫ్రెడ్ ఫంక్ 1945 నుంచి రీడర్స్ డైజెస్ట్‌లో నెలనెలా పదసంపద పరీక్ష పెట్టాడు. నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ 1949లో వచ్చింది, నేటికీ రైల్వే ప్లాట్‌ఫారాల మీద దొరుకుతోంది. అనూ గర్గ్ అనే భారతీయుడు 1994లో అమెరికాలో చదువుకుంటూ రోజుకో మాటను ఈమెయిల్లో పంపడం మొదలుపెట్టాడు. 2017 మే నెలలో శశి థరూర్ ట్విట్టర్‌లో ‘ఫరాగో’ అన్న ఒక్క మాట విసిరితే దేశమంతా నిఘంటువుల మీద పడింది. మర్నాటి నుంచి కోచింగ్ సెంటర్ల బోర్డు మీద అదే మాట. మరుసటి ఏడు ఆయన 29 అక్షరాల మాటొకటి వాడాడు. దాన్ని తెలుగు లిపిలో రాస్తే ఈ వ్యాసం ఇక్కడితో ఆపెయ్యవలసి వస్తుంది.

అమెరికా చదువులకు వెళ్ళేవాళ్ళ గోల వేరు. జీఆర్‌ఈ పరీక్షలో 2011 దాకా వ్యతిరేక పదాలు అడిగేవారు. అందుకోసం బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితాను తెలుగు దేశం బట్టీ పట్టింది. రోజుకొకటి చొప్పున అయితే దానికి తొమ్మిదిన్నరేళ్ళు పడుతుంది గనుక, వీరు రోజుకు వంద మింగేవారు. జాబితా ‘అబేస్’తో మొదలవుతుంది కాబట్టి ‘ఎ’ అక్షరంలో వీరిని కొట్టినవాడు లేడు. ‘ఎం’ దాటాక మాత్రం దేవుడి మీద భారం.

అసలు మాటలు ఎన్ని ఉన్నాయో చూస్తే వ్రతం తాలూకు ధైర్యం తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో ముద్రణ 20 సంపుటాలు. అందులో వాడుకలో ఉన్నవిగా లెక్కకు వచ్చినవే 1,71,476. రోజుకొకటి చొప్పున 470 ఏళ్ళు. గోల్కొండలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా గద్దెనెక్కిన నాటి రోజుల్లో నౌపడలో ఎవరైనా వ్రతం మొదలుపెట్టి ఉంటే, ఈపాటికి ‘జెడ్’ అక్షరం దాటి ఉండేవాడు. ఎదురు లెక్క కూడా ఉంది. బెంగాల్‌లో, ఢాకాలో ఇంగ్లీషు చదువు చెప్పించిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మాటల జాబితా అచ్చువేశాడు. మామూలు రచన ఏది తీసినా ఐదింట నాలుగు వంతులు ఆ మాటలే. ఆ జాబితాను ఎవరూ వ్రతంగా పట్టరు. అందులో ‘టేబుల్’, ‘గివ్’ లాంటివి ఉంటాయి, వాటితో ఎవర్ని బెదిరించగలం?

నేర్చినవి ఎక్కడికి పోతాయన్నదానికి 1885లోనే సమాధానం దొరికింది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, తానే మరిచిపోయి, ఆ మరుపును కొలిచాడు. ఒక్క రోజు గడిచేసరికి పట్టిన శ్రమలో మూడింట రెండు వంతులు వృథా అయినట్టు తేలింది. అవసరం లేకుండా నేర్చిన మాటకూ అర్థంలేని అక్షరాలకూ బుర్ర పెద్దగా తేడా చూపించదు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ చీటీల పెట్టె పద్ధతి చెప్పాడు: తెలిసిన మాట చీటీ ఆలస్యంగా, తెలియనిది తొందరగా మళ్ళీ చేతికి రావాలి. మంచి పద్ధతే. కాకపోతే నిన్నటి మాట మళ్ళీ చూడమంటుంది, వ్రతం కొత్త మాట కావాలంటుంది.

పైగా ఈ మాటలకు ఊళ్ళో పని దొరకదు. ‘డిఫెనెస్ట్రేషన్’ అంటే మనిషిని కిటికీలోంచి బయటికి విసిరెయ్యడం. 1618లో ప్రాగ్ కోటలో అలా విసిరితే ఐరోపాలో ముప్ఫై ఏళ్ళ యుద్ధం వచ్చింది. నౌపడలో ఇళ్ళ కిటికీలకు ఇనుప ఊచలుంటాయి, ప్యాసింజరు బండి కిటికీలకూ ఉంటాయి. ఎంత కోపమొచ్చినా ఆ మాటకు అవకాశం లేదు.

‘పెట్రికోర్’ కథ ఇంకా దయనీయం. తొలకరి చినుకు పడగానే మట్టిలోంచి లేచే వాసనకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో పెట్టిన పేరది. వ్రతం పట్టిన ప్రతివాడూ మొదటి నెలలోనే దీన్ని నేరుస్తాడు, వాన కోసం కాచుక్కూచుంటాడు. ఉప్పు మడుల్లో లెక్క వేరు. మండుటెండల్లో ఉప్పునీరు ఇగిరి గల్లు కడుతుంది. దాన్ని గట్టు మీదికి లాగి కుప్ప పోస్తారు. ఆ కుప్ప మీద వాన పడిందంటే కష్టమంతా నీళ్ళపాలే. మట్టి వాసన ముక్కుకు తగలగానే తాటాకులు కప్పడానికి ఆడా మగా పరుగు తీస్తారు. ఆ సమయంలో గట్టు మీద నిలబడి, “సిన్నాన్నా, ఈ వాసనకి ఇంగ్లీషులో ఒక మాట ఉన్నాది” అన్నవాడికి దొరికే జవాబు ఒకటే: “ఉంటే ఉన్నాదిలేరా, ముందు ఆ తాటాకులు పట్రా!”

ఇంగ్లీషు మాటలు నౌపడకు రాలేదని కాదు. నోటుబుక్కు లేకుండా బోలెడు వచ్చాయి. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు ఇక్కణ్ణుంచే మొదలైంది. రెండడుగుల ఆరంగుళాల పట్టాల మీద టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, ఆ తర్వాత గుణుపురం దాకా నడిచింది. పాయింట్సు, లూప్ లైను, అవుటరు దానితో దిగాయి. బండి అవుటర్లో ఆగిపోయిందంటే అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఇంకో అరగంట కునుకు తీస్తారు. 2004లో ఆ దారిని బ్రాడ్‌గేజిగా మార్చడానికి మూసి, 2011లో తెరిచారు. మధ్య ఏడేళ్ళు బస్సు టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ ‘గేజి కన్వర్షన్’ అర్థం తెలుసు, ఎవరూ నిఘంటువు చూడలేదు.

అన్నిటికంటే గొప్పది ‘డెమరేజి’. ఇంగ్లండులో డిగ్రీ చదివినవాళ్ళకు కూడా చాలామందికి తెలియని మాట ఇది. వ్యాగను ఇచ్చాక ఇంత సమయంలో సరుకెక్కించాలని రైల్వే గడువు పెడుతుంది. గడువు దాటితే గంటల లెక్కన వసూలు చేసేది డెమరేజి. సరుకు స్టేషనులో పడి ఉంటే కట్టవలసింది వార్ఫేజి. సరుకెక్కించే చోట “బేగి కానియ్యండ్రా, డెమరేజి పడిపోతాది” అన్న కేక వినపడితే కూలీలో, మేస్త్రీలో ఎవరూ అర్థం అడగరు. అక్కడ ఆ మాట జేబులోంచి డబ్బు తీస్తుంది, అలాంటి మాటను బుర్ర వదులుకోదు. సి.పి. బ్రౌన్‌కు ఈ సంగతి ముందే తెలుసు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో తెచ్చి ఊరుకోక, కచేరీల్లో, బజార్లలో తెలుగువాళ్ళ నోట నలుగుతున్న పరాయి మాటలన్నీ ఏరి 1854లో మిశ్రభాషా నిఘంటువు వేరే వేశాడు.

పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి కూడా సవర భాష నేర్చుకున్నది రోజుకో మాట లెక్కన కాదు. ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట్లాడించాడు, సవర పిల్లలకు వారి మాటల్లోనే పాఠాలు రాశాడు. 1938లో అచ్చయిన ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అలా తయారైందే.

వ్రతం మానుకోలేని వారికి ఉపాయం లేకపోలేదు. మాటను ఫోను పంపే జాబితాలోంచి కాక, ఇంట్లో ఉన్న కాగితాల్లోంచి ఏరుకోవాలి. బీమా పాలసీ వెనక పేజీలో ‘సరెండర్ వాల్యూ’ ఉంటుంది. బంగారం కుదువపెట్టిన రశీదులో ‘ప్లెడ్జ్’ ఉంటుంది. వాయిదాల మీద కొన్న మోటారు సైకిల్ ఆర్‌సీ మీద ‘హైపోథికేషన్’ అని జీఆర్‌ఈ జాబితాకు ఏమాత్రం తీసిపోని మాటొకటి ఉంటుంది. దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతూనే వ్రతపరులు రోజూ ఇంకో మాట వెతుక్కుంటున్నారు. బండి మీద అప్పిచ్చినవాడికి హక్కుందని దాని అర్థం. అప్పు తీరినంత మాత్రాన ఆ మాట కార్డు మీంచి దానంతటది పోదు. బ్యాంకు దగ్గర ఎన్‌ఓసీ, సంతకం పెట్టిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో దరఖాస్తు చేసి కొట్టివేయించుకోవాలి.